రజియా ఖాలా విప్పిన కుట్లు

జహీరాబాద్ మార్కెట్ వెనక సందులో నూనె పట్టించిన తోలు వాసన తగిలితే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. నాకు పిన్ని లాంటి మా పక్కింటి రజియా ఖాలా గుర్తొస్తుంది. భర్త పోయాక ఆయన గుర్రబ్బండిని తానే తోలి, అల్లం బస్తాలు చేరవేసి ఇల్లు గడిపిన మనిషి. మోకాళ్లు సహకరించని వయసులో ఆ బండిని తోలమని నాకు అప్పజెప్పింది. అప్పటికి నాకు వేరే ఆధారం లేదు.

ముసలి గుర్రం చనిపోవడంతో న్యాల్‌కల్ నుంచి కొత్త ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాం. ఛాతీ బాగా వెడల్పు. దానికి పాత గుర్రం తోలు పట్టీలే కట్టాను. అవి ఖాలా భర్త తన చేత్తో కుట్టినవి. చిరాగ్‌పల్లి దారిలో ఎత్తు రాగానే గుర్రం నిలబడిపోయింది. ఎంత అదిలించినా కదల్లేదు. అది మొండిదని, తిరిగి ఇచ్చెయ్యమని చూసినవాళ్లంతా అన్నారు. నేనూ అదే మాట ఖాలాతో అన్నాను.

ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి పట్టీలు విప్పించింది. గుర్రం రొమ్ము మీద అరచెయ్యి పెట్టింది. పట్టీ ఒరుసుకున్న చోట చర్మం కమిలి వేడెక్కి ఉంది. తాకగానే గుర్రం వెనక్కి జరిగింది.

"మొండిది కాదు బేటీ. దీనికి నొస్తున్నది," అంది.

గుర్రానికి నొప్పి తగ్గేదాకా విశ్రాంతి ఇచ్చాం. ఈలోగా ఖాలా కత్తి తీసుకుని వాకిట్లో కూర్చుని రొమ్ము పట్టీ కుట్లు విప్పసాగింది. ఆయన గుర్తు కదా, అలాగే ఉంచి కొత్తది కొందామన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఆయన ఉంటే ఎప్పుడో విప్పుతుండె. మన గుర్తులు గుర్రంతోని మోపిస్తమా?"

తోలు ముక్క కలిపి కుట్టి పట్టీని పొడవు చేసింది, లోపల ఉన్ని పరిచింది. కట్టడం మాత్రం నాతోనే చేయించింది. పట్టీ పైకి జరిగితే ఊపిరాడదు, కిందికి జారితే కాలు సాగదు. భుజం కీలుకు కాస్త పైన నిలవాలి, దాని కింద అరచెయ్యి సులువుగా దూరాలి. ముందు ఖాళీ బండితో నడిపించి, ఎక్కడా ఒరుసుకోవడం లేదని చూసుకున్నాకే బస్తాలు ఎత్తించింది.

అదే ఎత్తు దగ్గర గుర్రం తల వంచి, రొమ్ము ఆనించి, ఒక్క ఊపున పైకి లాగేసింది. ఇంటికి రాగానే ఖాలా కిరాయి ఎంత వచ్చిందని అడగలేదు. గుర్రం రొమ్ము తడిమి చూసి, "ఇగ బండి నీదే," అంది.

ఖాలా ఇప్పుడు లేదు. రాయికోడ్ వైపు రైతులు తమ గుర్రాన్ని తీసుకుని నా దగ్గరికి వస్తారు, ఇది పనికి వంగదని ఫిర్యాదు చేస్తూ. నేను దాని గుణం అడగను. పట్టీలు విప్పమంటాను.