కిష్టప్ప ఎర్ర అట్ట బుక్కు

కిష్టప్పకు ఒక్కటే జబ్బు. ఎవరు ఏ కొత్త పని చేసినా ఎదురుగా నిలబడి, "ఇది మొదలు ఎవలకు తట్టింది?" అని అడిగేవాడు. జవాబు చెప్పేదాకా వదిలేవాడు కాదు. చెప్పాక చంకలోంచి ఎర్ర అట్ట బుక్కు తీసి, నంబరు, తారీఖు వేసి, వేలిముద్ర పెట్టించుకునేవాడు.

పటాన్‌చెరులో మందుగోళీల ఫ్యాక్టరీలకు మిషన్లు చేసే చిన్న షెడ్డులో లెక్కలు రాసేవాడతను. ఒకసారి అక్కడి మిషనుకు పేటెంటు తీసుకున్నప్పుడు ఆ కాగితాలు మోసింది కిష్టప్పే. "మిషను తుప్పు పడతది గానీ ఆలోచనకు పట్టదు. అది కండ్లకు కనవడని ఆస్తి" అని అప్పుడు ఎవరో అన్న మాట అతని తలకెక్కింది. మళ్లీ దిగలేదు.

చాయ్‌బండి ఎల్లయ్య అల్లంతో పాటు సోంపు దంచి వేస్తే, అది నంబరు ముప్పై ఏడు.

"సారూ, ముద్ర ఏస్తే బండి పోదు గద?"

"పోదురా. నీ సోంపు నీదేనని నేను సాక్ష్యం."

బీరంగూడ బస్సులో ఒకామె టికెట్టు గాజుల కింద దోపుకుంటే ఆమెనూ అడిగాడు. పక్కనున్న ఆమె మగడు లేచి నిలబడ్డాడు. ఆ రోజు కిష్టప్ప రెండు స్టాపుల ముందే దిగి నడుచుకుంటూ ఇల్లు చేరాడు.

భార్య కౌసల్యమ్మ మాత్రం లొంగలేదు. కుక్కర్ కూసినప్పుడల్లా గట్టు మీద ఒక చింతగింజ పెట్టి లెక్క చూసుకునేది ఆమె. దాని కోసం బుక్కులో ఒకటో నంబరు పదకొండేళ్లుగా ఖాళీగానే ఉంది.

"జెర వేలు పెట్టవే."

"పప్పు ఉడకవెట్టిన దానికి వేలిముద్రా? నలుగురు వింటే నవ్వుతరు. జరుగు, మాడుతది."

ఒకరోజు అతను మరిచిపోయిన టిఫిన్ గిన్నె పట్టుకుని ఆమె షెడ్డుకు వెళ్లింది. అక్కడ ఊడ్చే ముత్యమ్మ మెట్టు మీద కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"సేఠ్ బందు పెట్టిండమ్మా. ఒకటో తారీఖు సంది రావద్దన్నడు."

లోపల సేఠ్ నరసరాజు, లెక్కలు చూడవచ్చిన ఆడిటర్ వెంకటేశం ముందు ఒక దరఖాస్తు పరిచాడు. మూతకు కుచ్చు కట్టి, గోళీల దుమ్ము దులిపే కొత్త మిషను పేటెంటుది. "కనిపెట్టింది నేనే. ఇది వచ్చినంక ఆస్తులల్ల రాయాలె."

"రాస్త. గాని కనిపెట్టినోళ్ల పేరు తప్పైతే, ఎవడో కేసు ఏస్తడు, పేటెంటు పోతది. అప్పుడు నేను రాసిన ఆస్తి వట్టి గాలి. రుజువేమన్న ఉన్నదా?"

సేఠ్ పైకప్పు వైపు చూశాడు. కిష్టప్ప చంకలోంచి ఎర్ర బుక్కు దిగింది.

"నంబరు రెండు వందల పద్నాలుగు. జల్లెడకు అతుక్కున్న గోళీలు రాలడానికి మూతకు చీపురుపుల్లల కుచ్చు కట్టుట. మొదలు తట్టింది ముత్యమ్మకు. ఇగో తారీఖు, ఇగో వేలు."

"ఊడ్చే మనిషి కనిపెట్టుడేందయ్యా?" అన్నాడు సేఠ్.

గుమ్మంలోంచి ముత్యమ్మ గొంతు వినిపించింది. "బూజు దులిపినట్టే గద సేఠ్! 'నీ చీపురు తియ్యవే అండ్లకెల్లి' అని మీరే తిట్టిండ్రు!"

వెంకటేశం దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు మింగాడు. "ఈమె పేరే రాయాలె. హక్కు కంపెనీకి ఇస్తున్నట్టు ఈమె వేలిముద్ర గూడ కావాలె."

సేఠ్ గొంతులో చక్కెర పడింది. "ముత్యమ్మా, చాయ్ తాగుతవా?"

ముత్యమ్మ కిష్టప్ప వైపు చూసింది. అతను టిఫిన్ మూత తీసి, పప్పుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "ముందుగాల పర్మినెంటు నౌకరి కాగితం. ముద్ర తర్వాత."

సాయంత్రానికి రెండూ అయ్యాయి.

ఇంటికి వచ్చాక కౌసల్యమ్మ అడిగింది. "మిషను సంగతి సరే. సోంపుకు, చింతగింజకు ముద్రలెందుకు?"

"ఎల్లయ్య, ముత్యమ్మ అసోంటోళ్ల తాతలు కాగితం మీద వేలు పెట్టి భూములు పోగొట్టుకున్నరు. కాగితం కనవడితే చేతులు ఎనకకు దాస్తరు. చాయ్‌కు పెట్టి భయం పోతేనే గద, మిషనుకు పెట్టేది!"

కుక్కర్ మూడోసారి కూసింది. ఆమె మూడో గింజ పెట్టి, "తే ఆ బుక్కు" అంది. పోపులో వేయడానికి తీసిన పసుపు వేలికి అంటుకుని ఉంది. ఒకటో నంబరు ఎదురుగా గట్టిగా ఒత్తింది. పచ్చటి ముద్ర పడింది.

కిష్టప్ప దాన్ని దీపం దగ్గర పెట్టి చూశాడు. కళ్లు మెరిశాయి. పెన్ను మూత తీశాడు.

"సిరా లేకుండ పసుపుతోని ముద్ర! ఏమే, ఇది మొదలు ఎవలకు తట్టింది?"