నీడ నుంచి నీడకు నడిచే కాళ్ళు

మాది ఆళ్లగడ్డ. ఎండాకాలంలో మా నడక తీరే వేరు. ఎండలో పరుగో పరుగు, నీడ దొరికితే ఆడ కూలబడి చెమట ఆరేదాకా లేవం. యాభై రెండేళ్ళు అట్లే నడిచినా. హిమాలయాల్లో మంచు కనుమ ఎక్కాలని పంతం పట్టి, మూడు నెలలు అహోబిలం కొండలెక్కి దిగినప్పుడు కూడా అట్లే. నా టైలరింగ్ షాపు మూసి పోతాంటే వీధిలో వాళ్ళు నవ్విరి. నవ్వుకోనీ అనుకున్నా.

మే చివర పోయినాం. మా గుంపుకు ముందు ఒక గైడు, వెనక ఒక గైడు. వెనకుండేది ఆ కొండల్లోనే పుట్టిన పిల్ల, నా కూతురి ఈడుది. నా పుట్టిల్లు నంద్యాల, ఉర్దూ మాటల మధ్య పెరిగినదాన్ని, ఆమె హిందీ నాకు కొట్టినపిండి. మొదటి రోజే గట్టిగా చెప్పింది: ఈ కాలంలో పొద్దున ఆకాశం తేటగా ఉంటుంది, మధ్యాహ్నానికి మబ్బు దిగి మంచు కురుస్తుంది, పదిలోపల కనుమ ఎక్కనోళ్ళు యాడుంటే ఆడినుంచే వెనక్కి తిరగాల.

కనుమ ఎక్కే రోజు అందరికన్నా నేనే ముందు. గబగబా నూరడుగులు వేసేది, బండ కనపడితే కూలబడేది. చెమటకు తడిసిన బట్టలు కూర్చున్న కాడనే చల్లబడి ఒంటికి అంటుకుపోయె. లేస్తే కాళ్ళు కొయ్యలు. ఊపిరి చాలదు. మెల్లగా వచ్చినోళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటిపోయిరి.

"అమ్మా, ఎందుకు పరిగెత్తుతావు, ఎందుకు కూర్చుంటావు? మెల్లగా నడువు, ఆగకుండా నడువు," అనింది ఆ పిల్ల.

నాకు మండింది. నడక నాకు నేర్పేదా! అయినా ఆమె వెనకాల అడుగులో అడుగు వేసినా. ఓర్నాయనో, నిజమే! ఊపిరి కుదిరింది, కాళ్ళు వేడెక్కినాయి, బండ కనపడినా కూర్చోబుద్ధి కాలా.

కనుమ మీద కట్టిన రంగు జెండాలు కంటికి కనపడతాండగా ఆ పిల్ల వాచీ చూసుకుని ఆగింది. పది.

"ఇంక దిగుదాం."

"ఏందీ? అదో, ఆడుంది! నా కాళ్ళు ఇప్పుడే దారిలో పడినాయి!" అని గొంతు చించుకున్నా.

"కాళ్ళు బాగున్నప్పుడే దిగాల. బాగలేకపోతే నిన్ను మోసేదెవరు?"

ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు. దిగినా, అదే మెల్లని నడకతో. గుడారం చేరిన కాసేపటికే మబ్బు దిగి మంచు దబదబా కురిసింది. పిల్ల చెప్పిందే నిజం. కోపం మాత్రం తగ్గలా. కనుమ ఎక్కొచ్చినోళ్ళు ఫోటోలు చూపిస్తాంటే మొగం తిప్పుకున్నా.

సాయంత్రం ఆ పిల్ల టీ తెచ్చిచ్చింది.

"ఈ దారి మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగినా.

"వానలు పోయినాక. అప్పుడు మబ్బు తక్కువే గానీ, చలి ఎముకలు కొరికేస్తుంది. తట్టుకోలేవమ్మా."

"చలికి ఏం వేసుకోవాల్నో నువ్వు చెప్పు. నా పేరు ఇప్పుడే రాసుకో," అన్నా.

నవ్వి లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినా. ఆ పిల్ల పుస్తకం తీసి, నేను చూస్తాండగా, నా పేరు రాసేదాకా వదల్లా.