కోరుట్ల అవ్వ నేర్పిన ఊపిరి

మా బాపుకు గాలి పీల్చడం బాగానే వచ్చు, వదలడమే రాదు. ఈ మాట నేనంటే వెటకారం, జగిత్యాల డాక్టరంటే వైద్యం.

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిన మనిషి. నూలు కండె మార్చిన ప్రతిసారీ మగ్గంలో అటూ ఇటూ దారం మోసే నాడెకున్న కంతకు నోరానించి లోపలికి గుంజితే దారం కొస బయటికొస్తుంది. దాంతో పాటు దూది నుసీ వస్తుంది. దారాన్ని బట్టకిచ్చి, నుసిని తనకుంచుకున్నాడు. పాడైన ఊపిరితిత్తులు ఇక బాగుకావు, కానీ ఉన్నవాటితో నడవడం నేర్పిస్తానని డాక్టరు వారానికి రెండు పొద్దులు రమ్మన్నాడు. దమ్ము రోగులంతా ఆయన వరండాలో అటూ ఇటూ నడవాలి, చేతులు లేపాలి, దించాలి. ముక్కుతో గాలి తీసుకుని, పెదాలు సన్నగా చేసి, మెల్లగా ఊదాలి.

పెదాలు సన్నగా చేయగానే బాపు లోపలికి గుంజేవాడు. తర్వాత దగ్గు.

"ఊదు బాపూ. గది నాడె గాదు, నీ నోరు."

"నవ్వియ్యకురా, దమ్మస్తది."

ఇంట్లో ఆయన్ని నవ్వించే ఉద్యోగం నాదే. దగ్గు వచ్చి అది ఊడింది.

వరండా కంటే పెద్ద పరీక్ష దారిలో ఉండేది. అడవిలోని నక్సలైట్ అన్నల కోసం పోలీసులు బస్సులాపే రోజులవి. జగిత్యాల రాకముందే మగవాళ్లను దింపి, సంచులు వెతికి, కల్వర్టు దాకా నడిపించి, అక్కడ మళ్లీ ఎక్కనిచ్చేవారు. మొదటిసారి బాపు సగం దూరంలోనే కూలబడి రొప్పాడు. "ఎక్కణ్నుంచి పరిగెత్తుకొచ్చాడు?" అని నన్నడిగారు. బస్సులో కూర్చునే వచ్చాడని నమ్మడానికి వాళ్లకు గంట పట్టింది. రొప్పేవాడు ఉరికినవాడే అని వాళ్ల లెక్క. కాబట్టి బాపు కల్వర్టు దాకా ఆగకుండా నడవాలి. లేకపోతే ఏదో ఒక రోజు ఇద్దరం అక్కడే ఆగిపోతాం.

పదిహేను రోజులు పొద్దూ మాపూ నేర్పాను. నాకే బాగా వచ్చింది.

మూడో వారం కోరుట్ల నుంచి ఒక అవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. తడికట్టెల పొయ్యిని గొట్టంతో ఊది ఊది ఛాతీ పాడు చేసుకుంది. బాపును కాసేపు చూసింది.

"ఏంది కొడుకా, గాలి మింగుతున్నవ్? ఎన్నడు పొయ్యి ఊదలేదా?"

"మొగోణ్ని గదవ్వా."

"గందుకే. ముందట పొయ్యున్నదనుకో. ఇంట్ల పొగ, కూర ఉడుకలె. ఊదు. గంత జోరుగ గాదు, బూడిదంత నా మీద పడ్తది!"

బాపు ఊదాడు. ఒక్క పొద్దులోనే. పొయ్యి నిజంగానే అంటుకుంది, నా కడుపులో.

ఆ తర్వాత ఇంట్లో ప్రతిదానికీ "అవ్వ చెప్పింది". నేను చెప్పినవి కూడా అవ్వే చెప్పిందట. ఆమె జోకులు నాసిరకం, అయినా బాపు దగ్గకుండా నవ్వేవాడు. వేములవాడ బస్టాండులో జామపండ్లు కొని మెత్తవి ఆమె కోసం పక్కన పెట్టేవాడు. గట్టివి నాకు.

"నీ నోట్ల పండ్లు మంచిగున్నయి గదరా."

ఒక పొద్దు మళ్లీ దించారు. బాపు పక్కన అడుగులు లెక్కపెడుతూ పోతుంటే ఒక కొత్త పోలీసు నా చొక్కా పట్టుకున్నాడు. "నువ్వాగరా. ఏ ఊరు? ఏం చేస్తావ్?" ఆ రోజు నాకు ఒక్క జోకూ తట్టలేదు. బాపు ఇదేమీ చూడకుండా సాగిపోయాడు. కల్వర్టు చేరాడు, ఒక్కసారీ ఆగలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి చూసి, కాలు దించాడు.

తిరిగి వచ్చాడు. అదే నడక. రెండడుగులకు తీసుకోవడం, నాలుగడుగులకు ఊదడం.

"ఏంట్రా ముసలోడా, ఈల వేస్తున్నావా?"

"లేద్సార్, పొయ్యి ఊదుతున్న."

పోలీసు రోడ్డంతా చూశాడు. పొయ్యి కనపడలేదు.

"వీడు నా కొడుకు సార్. నా మందుల చిట్టి వీని జేబులున్నది."

చిట్టీ తీసిచ్చాను. తలకిందులుగా ఇచ్చినట్టున్నాను, అతను తిప్పి చదివాడు. చివరికి పొమ్మన్నాడు. అప్పుడు చూసుకుంటే దమ్ము ఆడనిది నాకు. బాపు నా వీపు మీద చెయ్యేశాడు. "ముక్కుతోని తీస్కో. మెల్లగ ఊదు." ఊదాను. ఏడ్చినట్టే ఉంది గానీ పనిచేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను. నా కోసం అంత దూరం మళ్లీ నడిచాడు కదా, ఏమైనా అంటాడని చూశాను.

"జగిత్యాల ఎప్పుడస్తదిరా?"

"ఏం?"

"అవ్వకు చెప్పాలె. ఆగకుంట పోయి, ఆగకుంట అచ్చిన."

సంచిలోంచి జామపండ్లు తీసి ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఒకటి నా చేతిలో పెట్టాడు. మెత్తది. పొరపాటున ఇచ్చి ఉంటాడు. వెనక్కి అడిగేలోపే కొరికేశాను.