ఒక్కపొద్దులకు కరిగిన కండ

ఆ రోజు కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిగడ్డలు కోసి లేవబోతే తొడలు మాట వినలేదు. రెండోసారి ప్రయత్నించినా లేవలేకపోయాను. సిద్దిపేటలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. వండేది నేను, అమ్మేది మా ఆయన. పిలిస్తే వచ్చి చెయ్యందించి నవ్వాడు. "గింత సన్నవడ్డవ్, గాలికి కొట్టుకపోతవేమో" అన్నాడు. నాకు మాత్రం భయమేసింది. నేను పొయ్యి ముందు నిలబడకపోతే మాకు దుకాణం లేదు.

అంతకు కొన్ని నెలల ముందు మోకాళ్ల నొప్పులని ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. "వెయిట్ తగ్గాలమ్మా" అని చీటీ రాసి, వెంటనే ఇంకో పేషెంట్‌ను పిలిచాడు. ఎలా తగ్గాలో చెప్పలేదు, అడిగే సందూ ఇవ్వలేదు.

నాకు తెలిసిన దారి ఒక్కపొద్దు. శనివారం ఒకపూటే తినడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. దానికి సోమవారం, గురువారం కలిపాను. తర్వాత మిగతా రోజుల్లోనూ రాత్రి తిండి మానేశాను. దేవుడూ మెచ్చుతాడు, నడుమూ తగ్గుతుంది అనుకున్నాను. తినే ఆ ఒక్కపూటా ఇంత ఉప్మా, ఒక అరటిపండు. ఒక్కపొద్దు నాడు గుడ్డు, మాంసం ముట్టం కదా. ఉప్పు కూడా చూడకుండా ఊరందరికీ కోడికూర, గుడ్ల పులుసు వండి పంపాను.

బరువు దిగింది. కోహెడ నుంచి వచ్చిన ఆడబిడ్డ నన్ను ఎగాదిగా చూసి "వదినా, పెండ్లినాటి లెక్క అయినవ్! ఏం చేసినవో నాక్కూడ చెప్పరాదు" అంది. ఇరుగుపొరుగూ అదే పాట. ఆ పొగడ్తలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నడుము చూశారు గానీ, మెట్లెక్కుతూ నేను గోడ పట్టుకోవడం ఒక్కరూ చూడలేదు.

కత్తిపీట దగ్గర అలా అయ్యాక వేరే డాక్టరమ్మకు చూపించుకున్నాను. థైరాయిడ్, విటమిన్ డి, కిడ్నీ టెస్టులు చేయించింది. వాటిలో పెద్ద తేడా ఏమీ రాలేదు. పట్టు ఎంతుందో చూడడానికి చేతిలో ఒక మిషన్ పెట్టి గట్టిగా పిసకమంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. నావల్ల కాలేదు.

"కొవ్వొక్కటే పోలేదమ్మా, మజిల్ మాస్ పోయింది. తిండి చాలకుంటే ఒళ్లు కండను గూడ కరిగించుకుంటది. ప్రోటీన్ లేదు, ఎక్సర్‌సైజ్ లేదు" అంది.

"పొద్దంత నిలవడే ఉంట గద మేడం?"

"నిలవడితే సరిపోదమ్మా. కండకు బరువు పని చెప్పాలె."

పూటపూటకూ పప్పు, పెరుగు, రోజూ గుడ్లు తినమంది. ఫిజియోథెరపీలో కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం నేర్పించారు. మెల్లగా కాళ్లు కుదురుకున్నాయి. అంతలో శ్రావణం వచ్చింది.

"శ్రావణంల గుడ్డేందే? నెల రోజులు ఆగలేవా?" అంది మా అత్త. గుడ్డు మానేశాను. ఆ ఊపులో మళ్లీ ఒకపూట తిండికే దిగాను. ఒకరోజు పప్పు గిన్నెతో గడప దాటుతుంటే కాలు లేవక బోర్లాపడ్డాను. మణికట్టు విరిగింది.

"గుడ్డు వద్దంటే వద్దు. పెసరపప్పు, శనగలు, పెరుగు తినొద్దని ఏ దేవుడు చెప్పిండు?" అని డాక్టరమ్మ మా అత్త ముందే కేకలేసింది. అత్త అటు తిరిగి కూర్చుంది.

ఇప్పుడు కుర్చీలోంచి సొంతంగా లేస్తాను. నేల మీద కూర్చుంటే లేవలేను. కూర వండే పెద్ద గంజు ఎత్తలేను. వంటకు వేరే ఆమెను పెట్టుకున్నాం.

ఉపవాసమున్నా, బరువు తగ్గాలన్నా, తిండి తగ్గించే ముందు డాక్టర్‌ను ఒక మాట అడగండి: నా ఒంటికి ప్రోటీన్ ఎంత కావాలి, కండ నిలబడడానికి ఏ ఎక్సర్‌సైజ్ చేయాలి? జవాబు చెప్పేదాకా అక్కణ్నుంచి కదలకండి. యాభై దాటాక పోయిన కండ అంతా తిరిగి రాకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అప్పుడు నేను నమ్మలేదు. ఇప్పుడు నా వంటింట్లో ఇంకొకరి గరిటె చప్పుడు వింటూ నమ్ముతున్నాను.