ఆకుపచ్చ దారం కట్టిన సీసా

ఖాలా పోయిందని పోయిన సోమవారం పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసింది. "నిద్రలనే పోయింది అక్కా" అని, "నిన్న మాపు కూడా పక్కింటామెతోని కొట్లాడింది" అంది. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం. ఖాలా గురించి ఏ కబురైనా ఎప్పుడూ సగం నవ్వుతోనే వచ్చేది.

గద్వాలలో మా ఎదురిల్లు ఆమెది. మా అమ్మను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు ఖాలా, అంటే పిన్ని. ముందు గదిలో ఒక చెక్కపెట్టె పెట్టుకుని ఆడవాళ్ళకు పూల అత్తర్లు అమ్మేది. మగవాళ్ళు వస్తే గడప దాటనిచ్చేది కాదు. "మీకు బజార్ల దుకాణాలున్నయి. మీరొస్తే ఈడ ముచ్చట ఆగిపోతది" అనేది.

ఆ పెట్టె దగ్గర అడిగింది ఇవ్వడమనే పద్ధతి లేదు. మనిషిని చూసి తానే ఇచ్చేది. చెప్పులు ఎలా విడుస్తారో, చాయ్ ఎలా తాగుతారో గమనించేది. ఒకసారి అయిజ నుంచి ఒక కొత్తకోడలు అత్తను వెంటబెట్టుకుని వచ్చి గులాబీ కావాలంది.

"గులాబీ నీకెందుకే? నువ్వు మొగలి. లోపల తీపి, సుట్టూ ముండ్లు."

"సక్కగ చెప్పినవమ్మా" అంది అత్త.

"జర ఆగు, నీ సంగతి చెప్పలే ఇంకా" అంది ఖాలా. ఆ కోడలు మొగలి సీసానే కొనుక్కుని, మెడ ఎత్తుకుని వెళ్ళింది.

అత్తరు మణికట్టు మీదే రాయాలి, రుద్దకూడదు. చీర మీద పడితే ఆమెకు కోపం. "జరీకి మచ్చయితే నేసినోళ్లు నన్ను తిడతరు" అనేది. రాసి ఇంటికి పంపేసేది. అంట్లు తోముకుని, వంట చేసుకుని, సాయంత్రం వచ్చి చెప్పాలి, నచ్చిందో లేదో. "పొద్దుగాల వచ్చే వాసన ఊరికి. మాపటికి మిగిలింది నీది." తాను మాత్రం ఏదీ రాసుకునేది కాదు. రాసుకుంటే ముక్కు ఖరాబవుతుందట.

మా వీధిలో ప్రతి ఆడపిల్లకూ ఒక పువ్వు ఉండేది, నాకు తప్ప. అడిగితే, "నువ్వింకా అటు ఇటు ఊగుతున్నవ్ బిడ్డా. జర నిలబడు, ఇస్త" అనేది. నిజమే. ఏ చెప్పులు వేసుకోవాలో తేల్చుకోలేక బస్సు పోగొట్టుకునే రకం నేను. ఎమ్మే అయ్యాక వనపర్తిలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడు, వెళ్ళాలా వద్దా అని వారం రోజులు అమ్మను నిద్రపోనివ్వలేదు. నోరు పెగలకపోతే? పిల్లలు నవ్వితే?

బయలుదేరే రోజు బస్సుకు టైమైందని పరుగెడుతుంటే ఖాలా గడపలోంచి పిలిచి, కాగితంలో చుట్టి ఎర్రదారం కట్టిన చిన్న సీసా ఒకటి చేతిలో పెట్టింది. "ఇది నువ్వు. రేపు పొద్దుగాల రాసుకో."

మర్నాడు మూత తీశాను. సంపెంగ. గదంతా నిండిపోయింది. అద్దె ఇంటి ముసలామె వాకిట్లోంచే "ఎవరొచ్చిన్రు?" అని అడిగింది. సంపెంగ అంటే మనిషికంటే ముందు గుమ్మం దాటే వాసన. నేనా ఇది? కానీ ఖాలా ముక్కు తప్పిందని ఎవరూ అనగా వినలేదు. ఆమెకు నాలో ఏదో కనిపించే ఉంటుందనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని క్లాసులోకి నడిచాను. గొంతు పెగిలింది. వెనక బెంచీదాకా వెళ్ళింది.

ఆ తర్వాత పదేళ్ళు ఏటా ఒక సీసా తెచ్చుకున్నాను. ఆ పదేళ్ళలో ఖాలా దగ్గర ఒక మార్పు చూశాను. ఆమె కొంగు నుంచి పొగడపూల వాసన వచ్చేది. మొదట రాదు. ముచ్చట్లలో పడ్డాక, ఎప్పటికో తెలిసేది. మరి ముక్కు ఖరాబు కాదా అని అడిగితే, "ముసలిదాన్నయిన, నడుస్తది" అంది.

నన్ను ప్రిన్సిపాల్‌గా ఉండమన్న ఏడు మళ్ళీ ఊగిసలాట మొదలైంది. గద్వాల వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను. అంతా విని, ఆకు నములుతూ తాపీగా అంది:

"ఒక మాట చెప్త, కోపం చేయకు. ఆ పొద్దు నీకిచ్చిన సీస నీది కాదు."

అది వీధి చివర హెడ్‌కానిస్టేబుల్ గారి భార్యదట. ఆవిడ గొంతు వింటే కోళ్ళు కూడా దారిచ్చేవి. ఎర్రదారం ఆమెది, ఆకుపచ్చ దారం నాది. బస్సు తొందరలో ఖాలా చెయ్యి తప్పింది.

"మరి అప్పుడే చెప్పలేదేంది ఖాలా?"

"చెప్దామనే వచ్చిన. నీ సీస పట్టుకోని వనపర్తి బస్సెక్కిన. మీ కాలేజి వరండల నిలబడ్డ. లోపల నీ గొంతు వినొచ్చింది. ఇగ ఏం చెప్త? మల్ల బస్సెక్కిన."

"అంటే పదేండ్ల సంది ఇంకొకామె వాసన ఏసుకొని తిరుగుతున్ననా?"

"వాసన పాఠం చెప్పిందా ఏందే? నువ్వే చెప్పినవ్."

"మరి నాదేది?"

"చెప్ప. చెప్తే మల్ల అటా ఇటా అని సోంచాయిస్తవ్." ఎంత బతిమాలినా చెప్పలేదు. ఆ తర్వాత ఏ పండక్కి కలిసినా అడిగేదాన్ని. నవ్వి పెట్టె మూసేసేది. ప్రిన్సిపాల్ పని మాత్రం ఒప్పుకున్నాను, సంపెంగ రాసుకునే.

ఖాలా పోయిన మూడో రోజు జరిపే జియారత్‌కు గద్వాల వెళ్ళాను. ముందు గదిలో ఆడవాళ్ళంతా ఆమె తమను ఏ పువ్వన్నదో చెప్పుకుంటూ నవ్వుతున్నారు. ఎవరికీ తమ పువ్వు మీద అనుమానం ఉన్నట్టు లేదు. కోడలు నన్ను పక్కకు పిలిచి, పెట్టె అడుగు నుంచి ఒక సీసా తీసింది. మెడకు ఆకుపచ్చ దారం, వెలిసిపోయి.

"నీదని చెప్పేది అక్కా. అయిపోవస్తే తానే మల్ల నింపేది. రోజూ ఒక సుక్క దీంట్లకెల్లే రాసుకునేది. ఇంకొకరిని ముట్టనియ్యకపోయేది."

మూత తీశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ తెలియలేదు. ఎడమ మణికట్టు మీద ఒక చుక్క రాసుకున్నాను. కుడిచేతికి పొద్దున రాసుకున్న సంపెంగ ఉండనే ఉంది.

మధ్యాహ్నం వనపర్తి బస్సు పెబ్బేరు వైపు వెళుతూ కృష్ణ మీద వంతెన ఎక్కింది. కిటికీలోంచి గాలి కొట్టింది. పక్క సీట్లో అవ్వ నిద్రలోంచి లేచి, గాలి పీల్చి, నా జడ వైపు వంగి చూసింది.

"పొగడపూలు ఏడ దొరికినయ్ బిడ్డా?"

నా జడలో పువ్వులేమీ లేవు. అవ్వ మాత్రం వంతెన దాటేదాకా వెతుకుతూనే ఉంది.