పదిమంది చూపిన రాయి

రాష్ట్రం విడిపోయిన ఏడాది మే నెలలో నన్ను బందరు కాలువ కింది ఒక మండలానికి సర్వేయర్‌గా వేశారు. ఇల్లు భవానీపురంలో, రెండు బస్సులు మారితే ఆఫీసు. పదేళ్ల సర్వీసు, డిగ్రీ లెక్కల్లో ఫస్టు క్లాసు, ఆ రెంటినీ మించిన నోరు, ఇవీ అప్పటికి నా ఆస్తులు.

సర్వేయర్ పని బయటివాళ్లు అనుకునేంత బ్రహ్మవిద్య కాదు. ప్రతి సర్వే నంబరుకూ ఆఫీసులో కొలతల పటం ఉంటుంది. పటంలో ఉన్న హద్దు రాయిని పొలంలో పట్టుకుని, అక్కడి నుంచి కొలత గొలుసు లాగుతాం. అది అసలు రాయేనా అని అనుమానం వస్తే, దూరంగా ఉన్న మరో రెండు రాళ్ల నుంచి కొలుచుకుంటూ వచ్చి సరిచూడాలి. రూలు అది. రూలు పాటిస్తే ఒక పూట పడుతుంది. ఊళ్లో అడిగితే పది నిమిషాలు.

నేను అడిగేదాన్ని. బద్ధకమని ఎవరైనా అంటే ఊరుకునేదాన్ని కాదు, నాకో సిద్ధాంతం ఉండేది. పాతకాలం సర్వేయర్లు రైతుతో మాట కలపకుండా దొరల్లా కొలిచి పోయారు, నేను జనాన్ని అడిగి పనిచేస్తాను అని. మీటింగుల్లో ఈ ముక్క చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

అర్జీ పెట్టింది రాఘవయ్యగారు. పదెకరాల ఆసామి. పొలాన్ని చేపల చెరువు చేయించబోతూ, గట్టు వేయడానికి హద్దు చూపించమన్నారు. ఆయన పక్కన దానమ్మది నలభై సెంట్ల భూమి. ఆమె తండ్రికి ప్రభుత్వం ఇచ్చింది. ఆమెకు ఉన్నదంతా అదే.

నేను వెళ్లేసరికి చుట్టుపక్కల రైతులు పదిమంది గట్టు మీద ఉన్నారు. ఎవరిని అడిగినా తాటిమొద్దు పక్కనున్న రాయే చూపించారు. నా ముందు మజ్జిగ గ్లాసు పెట్టారు. అప్పుడు దానమ్మ కూలిపనిలోంచి నేరుగా వచ్చింది.

"ఆ రాయి కాదమ్మగారూ. మా రాయి ఇంకా అవతలకి ఉండాలి."

"నీకెలా తెలుసు? కాగితం ఏమన్నా ఉందా?"

"కాగితం మీ దగ్గరే ఉంటది గదమ్మా. గొలుసూ మీ దగ్గరే ఉంది."

పదిమందీ నవ్వారు. "దానమ్మా, నువ్వూ సర్వే పరీక్ష రాసెయ్యరాదూ" అన్నాడొకాయన. నేనూ నవ్వాను. ఆమెను 'నువ్వు' అనీ, రాఘవయ్యగారిని 'మీరు' అనీ అంటున్నానన్న స్పృహ కూడా అప్పుడు నాకు లేదు.

గొలుసు మోసే చైన్‌మన్ నాకంటే పెద్దవాడు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు. "మురుగుకాలవ అవతల రాయి నుంచి ఒకసారి లాగి చూద్దామా మేడమ్?"

"పదిమంది పెద్దమనుషులు చెప్పాక ఇంకా నీ అనుమానమేంటయ్యా?"

"మీ ఇష్టమండి" అని గొలుసు చుట్టేశాడు.

హద్దుల పంచనామా రాశాను. పంచనామా అంటే, ఫలానా చోట ఫలానా వాళ్ల సమక్షంలో హద్దు చూపించామని రాసే కాగితం. పది సంతకాలు పడ్డాయి. దానమ్మ వేలిముద్ర వేయనంది. "హాజరై, వేలిముద్ర వేయుటకు నిరాకరించినారు" అని రాశాను. దీని మీద పైవాళ్లకు అప్పీలు చేసుకోవచ్చు, గడువు ఉంటుంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు గదా అనుకున్నాను.

వానలకు ముందే గట్టు లేచింది. ఆమె నేలలో పద్నాలుగు సెంట్లు చెరువులోకి పోయింది. మిగిలినదాంట్లోకి చెరువు నీరు ఊరి, తుంగ తప్ప ఏమీ మొలవలేదు.

కొన్నేళ్లకు కొత్త పరికరాలతో రీసర్వే మొదలైంది. దాన్ని తనిఖీ చేసే పనిమీద నన్ను మళ్లీ ఆ మండలానికే పంపారు. ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం రాఘవయ్యగారి చెరువు దగ్గర హద్దును గట్టుమీద కాదు, గట్టు దాటి నీళ్లలో చూపించింది. పరికరాన్ని నమ్మలేదు. గొలుసు తెప్పించి, మురుగుకాలవ దాటి, బురదలో దిగి, రెండు రాళ్ల నుంచీ లాగించాను. అదే చోటు. పట్టింది ఒక పూటే.

అప్పటి పదిమందిలో మిగిలినవాళ్ల ఇళ్లకు వెళ్లి, అప్పుడు అడగని ప్రశ్న అడిగాను. అదే రాయని మీకెలా తెలుసండీ? "రాఘవయ్యగారు చెప్పారండి" అన్నారు ముగ్గురు. "అందరూ అనేవాళ్లుగా" అన్నారు ఇద్దరు. ఇంకొకాయన నన్నే వింతగా చూశాడు. "అదేంటి మేడమ్, కొలిచి ఇచ్చింది మీరేగా?"

నేను పదిమందిని అడిగాననుకున్నాను. ఒక్కరినే పదిసార్లు అడిగాను.

తప్పు నాదేనని రిపోర్టు రాసి పంపాను. పై అధికారి పిలిచి, "ముగిసిన కేసు తవ్వమని మిమ్మల్నెవరడిగారండీ?" అన్నారు. ఎవరూ అడగలేదండీ, ఈసారి నేనూ ఎవర్నీ అడక్కుండానే కొలిచాను అన్నాను. మూడు నెలలకు ఫైలు తిరిగొచ్చింది. పదిమంది రైతుల వాంగ్మూలంతో పంచనామా స్పష్టంగా ఉన్నందున చర్య అవసరం లేదట. నేను రాసిన కాగితమే నాకు అడ్డం తిరిగింది.

దానమ్మకు చెప్పడానికి వెళ్లాను. అదే చెరువు గట్టు మీద, కూలికి, పట్టిన చేపలు ట్రేలలో సర్దుతోంది. నీ మాటే నిజమైంది దానమ్మగారూ అన్నాను. 'గారు' కొత్తగా చేరింది గానీ 'నీ' పోలేదు. ఆమె తలెత్తలేదు.

"ఇది చెప్పడానికొచ్చారా? నేను అప్పుడే చెప్పాగా."

నిరుడు వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు సలహా అడిగితే జనాన్ని అడగొద్దని చెప్పను. అడగండి. విన్న ప్రతి జవాబు మీదా 'మీకెలా తెలుసు' అని రెండో ప్రశ్న వేయండి. ఆ తర్వాత వెళ్లి మీరే కొలవండి. ఆ రోజు గట్టు మీద రెండో ప్రశ్న నేను వేయకపోలేదు. పదకొండు మందిలో ఒక్కరినే అడిగాను. నిజం చెప్పిన మనిషిని.