ఎర్ర దారం కట్టిన రీలు

తెలియని పనిని తెలిసినట్టు చేసెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. దానివల్ల జరిగిన చాలా పొరపాట్లకు ఇంట్లో అందరం నవ్వుకున్నాం. నవ్వుకోలేనిది ఒక్కటుంది. ఇన్నేళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైలలో మేం గుణదలలో ఉండేవాళ్లం. అమ్మ, అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య బెజవాడలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాడు. వదినది మైలవరం. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. పెళ్లయి వచ్చిన ఆర్నెల్లకే పాత దుప్పటి గుడ్డ మీద నీలం దారంతో మెలికలు తిరిగే కాలువ కుట్టి, గవ్వలతో ఆడే ఆట ఒకటి తయారుచేసింది. బెజవాడలో బయలుదేరిన పడవ లాకులన్నీ దాటి బందరు చేరాలి. నాలుగు పడితేనే లాకు తలుపు తెరుచుకుంటుంది. గుర్రపుడెక్క కుట్టిన గడిలో పడితే పడవ చిక్కుకుపోయి ఒక పందెం పోతుంది. పడవలంటే అరగదీసిన చింతపిక్కలే. మధ్యాహ్నమయ్యేసరికి వాడలో ఆడవాళ్లంతా మా వరండాలో చేరేవారు.

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకు ఈ ఆటను అంగడి పెట్టి అమ్మాలని వదిన పట్టుబట్టింది. అక్కడితో ఆగలేదు.

"సినిమాకి ట్రైలర్ వేస్తారు గదా, మన ఆటకి మాత్రం ఎందుకు వెయ్యకూడదు?" అంది. వదినకు సినిమా కంటే ట్రైలరే ఇష్టం. "ఏడుపులు మొదలవకముందే అయిపోద్ది, అదీ దాని సుఖం" అనేది.

అన్నయ్య అడిగితే స్టూడియో యజమాని చిన్న సినీ కెమెరా కొన్నాళ్లు వాడుకోమన్నాడు. తిరునాళ్లకు ప్రొజెక్టర్ కూడా ఇస్తానన్నాడు. వచ్చిన చిక్కల్లా వదినకు అప్పుడు ఏడో నెల.

"కడుపుతో ఉన్నదాన్ని కెమెరా ముందు కూర్చోబెడతారా? దిష్టి తగులుద్ది. కానుపయ్యాక ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి" అంది అమ్మ.

"చెయ్యొక్కటి పడనివ్వండి అత్తయ్యా" అని వదిన బతిమాలింది. అమ్మ వినలేదు. నేను అమ్మ పక్షం. వదిన బదులు నేనూ, పక్కింటి ఆవిడా ఆడేటట్టు, పైనుంచి బల్ల మీద కెమెరా బిగించి తీసేటట్టు ఏర్పాటయింది.

"నా ఆటలో నేనే లేకుండా పోతున్నా చూడమ్మాయ్" అంది వదిన నవ్వుతూ.

"నువ్వు అడ్డం రాకుండా ఆ గడపలో కూర్చో వదినా, చాలు" అన్నాను. హాస్యానికే అన్నాను. ఆ మాట నోట్లోంచి రాకుండా ఉంటే ఎంత బాగుండేదో.

తీసే రోజున అన్నయ్య కంకిపాడులో ఒక పెళ్లికి ఫోటోలు తియ్యడానికి పోవలసి వచ్చింది. కీ ఇచ్చి మీట బిగిస్తే కెమెరా దానంతటదే తిరుగుతుంది, అది వాడడం ముందే నేర్పాడు కాబట్టి పని నా మీద పడింది. రీలు బీరువాలో ఉందని చెప్పి వెళ్లాడు. ఆట గుడ్డ కోసం నేను వదిన ట్రంకు పెట్టె తెరిస్తే, గుడ్డల అడుగున ఎర్ర దారం కట్టిన రీలు డబ్బా కనిపించింది. ఆటతో పాటే ఉంటుందని ఇందులో పెట్టి, మర్చిపోయి బీరువా అన్నాడనుకున్నాను. బీరువా దాకా పోయి చూస్తే నా సొమ్మేం పోయేది? దారం తెంపి పారేసి, సామాన్ల కొట్టులో తలుపు మూసుకుని చీకట్లో రీలు ఎక్కించాను.

వదిన గడపలో మావైపు వీపు పెట్టి కూర్చుంది. "అంత గట్టిగా విసరబాకండి, గవ్వలు గుడ్డ దాటి పోతన్నయ్" అని చప్పుడు విని చెప్పేది. ఆ రకం రీలు రెండు వైపులా తియ్యొచ్చు కాబట్టి, సగం అయ్యాక దాన్ని రెండోవైపుకు తిప్పి, మిగతా ఆట తీశాను. అంతా సవ్యంగా జరిగిందని మురిసిపోయాను.

సాయంత్రం అన్నయ్య వచ్చి బీరువా తీశాడు. అందులో కొత్త రీలు అలాగే ఉంది. తర్వాత ట్రంకు పెట్టె తీశాడు.

"ఎర్ర దారం ఏదే?" అన్నాడు.

"తెంపి పారేశా. ఎందుకు?"

అన్నయ్య కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. నేను తీసిన రీలును మర్నాడు బొంబాయికి కడగడానికి పంపాడు.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు కానుపుకు ఆసుపత్రికి వెళ్లిన వదిన తిరిగి రాలేదు. బిడ్డా దక్కలేదు. గోడకు పెట్టుకోవడానికి ఫోటో కోసం అమ్మ ఇల్లంతా వెతికింది. ఉన్నది పెళ్లి ఫోటో ఒక్కటే. అందులో వదిన తల వంచుకుని ఉంది, ముసుగు కిందికి జారి ముక్కు కొస తప్ప ఏమీ కనిపించదు. "ఒక్కటన్నా తియ్యనివ్వకపోతిని గదరా" అని అమ్మ గుండెలు బాదుకుంది. అన్నయ్య బయటికి వెళ్లిపోయాడు.

జనవరిలో రీలు వచ్చింది. ముందు గది కిటికీలు మూసి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, మధ్యాహ్నం పూట అన్నయ్య ప్రొజెక్టర్ ఆడించాడు. దుప్పటి మీద ఆట గుడ్డ, గాజుల చేత్తో గవ్వలు వేస్తున్న నేను. ఆ గుడ్డ అడుగున, గుడ్డంత పెద్దగా, వదిన ముఖం. పలచగా, పొగలా. వెనకాల మా పెరటి జామచెట్టు. వదిన జుట్టు చెవి వెనక్కి తోసుకుని సిగ్గుపడి నవ్వుతోంది. నా గవ్వలు ఆమె కళ్ల మీద పడుతున్నాయి. చింతపిక్క పడవ ఆమె బుగ్గ మీదుగా బందరు పోతోంది.

"యేసయ్యా" అని అమ్మ నేల మీద కూలబడింది.

అప్పుడు చెప్పాడు అన్నయ్య. ఒక పెళ్లికి తీయగా మిగిలిన రీలు ఒకటి యజమాని ఇచ్చాడట. అమ్మ గుడికి వెళ్లిన ఆదివారం వదినను పెరట్లో నిలబెట్టి రెండు వైపులా తీసి, కడగడానికి పంపకుండా దాచి, తీసేసిన రీలని గుర్తుకు ఎర్ర దారం కట్టాడట. కడగని ఆ రీలు మీదే నేను మళ్లీ తీశాను, రెండు బొమ్మలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

"నాకైనా చెప్పొచ్చు గదా అన్నయ్యా" అన్నాను ఏడుస్తూ.

"నీకు చెబితే అమ్మకి చేరేస్తావని, మీ వదినే వద్దంది."

నిజమే, చేరేసేదాన్నే. కొత్త రీలు ఉంది కదా, తిరునాళ్లకు మళ్లీ తీద్దాం, ఇది దాచుకో అన్నాను. "తీస్తే, అందులో తనుండదుగా" అన్నాడు.

తిరునాళ్లలో అంగడికి గోనెపట్టాలు కట్టి చీకటి చేసి, పండుగ జరిగిన మూడు రోజులూ అదే రీలు వేశాం. జనం తొంగిచూసి, ఆట సంగతి మర్చిపోయి ఆ ముఖాన్ని చూస్తూ నిలబడేవారు. చేతిలో కొవ్వొత్తి ఉన్న ఒక ముసలావిడ సిలువ గుర్తు వేసుకుంది.

"ఆ నవ్వేది ఎవరండీ?" అని ఒకాయన అడిగాడు.

"ఆట కనిపెట్టినావిడండీ" అన్నాడు అన్నయ్య.

"రాలేదా అండీ ఆవిడ?"

అన్నయ్య ప్రొజెక్టర్ సర్దుతున్నట్టు వంగాడు. వదిన కుట్టి పెట్టిపోయిన పదకొండు గుడ్డలూ ఆ మూడు రోజుల్లోనే అమ్ముడుపోయాయి.

రీలు చివర్లో వదిన ఇక చాలన్నట్టు కెమెరా వైపు అరచెయ్యి చాపుతుంది. సరిగ్గా అప్పుడే నేను గవ్వలు వేస్తాను. అవి ఆమె అరచేతిలో పడినట్టే ఉంటాయి. నాలుగు పడతాయి, లాకు తెరుచుకుంటుంది, రీలు అయిపోతుంది.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే వదిన ముఖం వస్తుంది. దాని మీదికి నా గాజుల చెయ్యి వస్తుంది. ఎంత ప్రయత్నించినా ఆ చెయ్యి లేకుండా వదినను చూడలేను. అడ్డం రావద్దని ఆమెకు చెప్పిన మనిషిని నేను. రీలు పొడుగునా ఆమెకు అడ్డంగా ఉన్నది నా చెయ్యే.